మా గుండ్లను కూడా ఒప్పందంలో రాయండి: పరిశ్రమల శాఖ మంత్రి గారికి మణికొండ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను మణికొండలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉంటున్నాను. బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. 2025 జనవరిలో దుబాయి నిర్మాణ సంస్థ ఎమ్మార్ పెద్దలు ముఖ్యమంత్రి గారిని కలిశారని, ఇక్కడి గోల్ఫ్, ఇళ్ళ ప్రాజెక్టు మీదున్న పాత వివాదాలను మాట్లాడి తేల్చుకోవాలనుకుంటున్నారని పేపర్లో చదివినప్పటి నుంచి మీకు రాయాలని ఉంది. ఆ చర్చల్లో గజం ధర వస్తుంది, వాటాలు వస్తాయి, రిజిస్ట్రేషన్లు వస్తాయి. అవన్నీ రావలసినవే. మా గుట్టల మాట, వాటి మీది రాతి గుండ్ల మాట కూడా అక్కడ, కుదిరే ఒప్పందంలో రావాలని అడుగుతున్నాను.

ఆ ప్రాజెక్టు వచ్చి, ఇప్పుడు బౌల్డర్ హిల్స్ అని పిలుస్తున్న చోటును మేం ఉత్త గుట్టలనే అనేవాళ్ళం. పొద్దున మేకలు అటే పోయేవి. చలికాలం ముందు ఆడవాళ్ళు గంపలు పట్టుకుని సీతాఫలాలకు వెళ్ళేవాళ్ళు. వానలు పడ్డాక బండల మధ్య గుంటల్లో నిలిచిన నీళ్ళు దసరా దాకా ఉండేవి. ఏడాదికోసారి మా పిల్లలను తీసుకెళ్ళి ఒక పెద్ద గుండు నీడన కూర్చోబెట్టేదాన్ని. "ఇది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయిరా" అంటే వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లారి గ్రానైట్ అయింది. పైనున్నదంతా కోట్ల ఏళ్ళపాటు కొట్టుకుపోయాక అది బయటపడింది. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు అరిగి గుండ్రబడింది. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టు కనిపిస్తాయి గానీ, ఎవరూ ఎత్తలేదు. చుట్టూ ఉన్న మెత్తని భాగం పోయి, గట్టిది ఉన్నచోటే నిలిచింది. ఇది చెప్పినప్పుడు మాత్రం పిల్లలు లేచి వెళ్ళి రాయిని ముట్టుకుని చూసేవాళ్ళు.

ఆ నేల మీదికి గోల్ఫ్ వచ్చిన కథ మీ శాఖ ఫైళ్ళలో ఉంది. 2000ల మొదట్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, తన పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ద్వారా, ఎమ్మార్‌తో కలిసి 535 ఎకరాల్లో ప్రాజెక్టు తలపెట్టింది. అందులో గోల్ఫ్ మైదానానికి 235 ఎకరాలు, ఇళ్ళకు 285, కన్వెన్షన్ సెంటర్‌కు 15. కన్వెన్షన్ సెంటర్ త్వరగానే లేచింది. 2006లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సమావేశాలు అక్కడే జరిగాయి. గుండ్ల మధ్య 18 హోల్స్ మైదానం వచ్చింది. దాన్ని చూస్తూ ఉండేలా విల్లాలు, అపార్ట్‌మెంట్లు మొదలయ్యాయి. 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు మొదలయ్యాక పని నెమ్మదించింది. డబ్బు కట్టినవాళ్ళలో చాలామంది రిజిస్ట్రేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. మణికొండ జాగీరు భూములు వక్ఫ్‌వా, ప్రభుత్వానివా అన్న తగాదా వేరు. ఆ 1654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వచ్చాక మీ బాధ్యత ఇంకా పెరిగిందని నేననుకుంటున్నాను.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. గోల్ఫ్ మైదానం చుట్టూ గోడ కట్టినప్పుడు నేను ఏడ్చాను. ఇవాళ మా మేడ మీద నిలబడి చూస్తే నాలుగు దిక్కులా టవర్లే. వాటి కింద ఉండిన గుట్టలు కంప్రెసర్లతో బెజ్జాలు పడి, మందుగుండుతో పేలి, కంకరై లారీల్లో వెళ్ళిపోయాయి. గుండ్లు ఇంకా మిగిలున్నది ఎక్కువగా ఆ గోల్ఫ్ మైదానం గోడ లోపలే. ఆట కోసం వాటిని వదిలిపెట్టారు, అందానికి అక్కరకొచ్చాయని ఉంచారు. కారణం ఏదైనా, అవి ఉన్నాయి. అందుకే ఆ కాలనీని తిట్టుకోవడం మానేశాను. మా బస్తీ కుర్రాళ్ళు కొందరు ఆటగాళ్ళ సంచులు మోసే క్యాడీలుగా వెళ్తారు. ఆడవాళ్ళు గడ్డిలో కలుపు తీయడానికి వెళ్తారు. ఏ గుండు ఎక్కడుందో ఇవాళ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

అవి అలాగే ఉంటాయన్న హామీ ఎక్కడుంది? ఒకప్పుడు హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హుడా నిబంధన 13 కింద నగరంలోని కొన్ని రాళ్ళకు వారసత్వ రక్షణ ఉండేది. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు బండ వాటిలో ఒకటి. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఒక్కో రాయి కోసం ఏళ్ళకేళ్ళు తిరిగారు. ఆ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో వారసత్వ చట్టం వచ్చింది. దాని కింద ఈ గుండ్లను గుర్తించమని మీరు సాంస్కృతిక శాఖకు రాస్తే, రేపు మైదానం చేతులు మారినా రాయి కదలదు.

గోల్కొండ నయా ఖిలాను చూడండి. మొఘలుల దాడి తర్వాత కుతుబ్ షాహీలు పొడిగించిన కోట అది. నాలుగు వందల ఏళ్ళు దాటిందని చెప్పే బావోబాబ్ చెట్టు, ఉర్దూలో హాథియోం కా ఝాడ్, ఇప్పుడు అక్కడి వేరే గోల్ఫ్ మైదానం గడ్డి పక్కనే ఉంది. ముల్లా ఖయాలీ మసీదూ అటే. ఆ చెట్టు చాలామంది హైదరాబాదీలకు ఫొటోలోనే పరిచయం. మా గుండ్లకు ఆ గతి పట్టకూడదు. నెలకు ఒక ఆదివారం, ఆటకు అడ్డురాని దారిలో, బడి పిల్లలను లోపలికి పంపాలని ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. మైదానం వాళ్ళు పొద్దున ఆరింటికే ఆట మొదలుపెడతారు. పిల్లలు మధ్యాహ్నం వెళ్తారు.

నీళ్ళ సంగతీ అక్కడే తేల్చండి. ఏప్రిల్ వచ్చేసరికి మా వీధుల్లో బోర్లు అడుగంటుతాయి, ట్యాంకర్ల కోసం బిందెలు వరస కడతాయి. అదే నేలలో గడ్డి పచ్చగా ఉండాలంటే శుద్ధి చేసిన మురుగు నీటితోనే ఉండాలి. గడ్డికి ఒక్క చుక్క బోరు నీరు తోడకూడదని, మీటరు లెక్క ప్రతి నెలా బయట పెట్టాలని షరతు పెట్టండి.

ఇళ్ళు కొని ఎదురుచూసినవాళ్ళకు వాళ్ళ కాగితాలు ఇవ్వండి. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళూ మా ఊరివాళ్ళే ఇప్పుడు.

సంతకాలు పెట్టే ముందు ముసాయిదాను తెలుగులోను, ఉర్దూలోను నెల రోజులు జనం ముందుంచండి. ఏ గుండు ఎక్కడుందో సర్వే నంబర్లతో గుర్తించిన పటం కూడా దానికి జత చేయండి. మా ఊళ్ళో అలాంటి పటం గీయగల పిల్లలున్నారు, వాళ్ళకు చదువు చెప్పిన దాన్ని నేనున్నాను. పిలిస్తే వస్తాం.

ఇట్లు,
మణికొండ నివాసి, విశ్రాంత ఉపాధ్యాయురాలు