ఈ వానాకాలం ఇంట్లో ఒక కలువ తొట్టి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరో తరగతిలో పద్యం చెబుతూ చంద్రుణ్ణి కలువలరేడు అని ఎందుకంటారో వివరిస్తున్నాను. కలువను కళ్లారా చూసినవాళ్లు చేయి ఎత్తమంటే 38 మందిలో నలుగురే ఎత్తారు. వాళ్లలో ఇద్దరు బోర్డు మీద గీసింది తామర. 2002లో రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచస్థాయి ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాకు, ఎక్కిన కొల్లేరుకు ఇంత దగ్గర బడి మనది. తప్పు పిల్లలది కాదు. ఊరి గుంటలు పూడిపోయి, మిగిలినవి చేపల చెరువులయ్యాక వాళ్లు కలువను ఎక్కడ చూస్తారు?

బడి వెనక సిమెంటు తొట్టిలో నిరుడు వేసిన తెల్లకలువ ఇప్పుడు పూస్తోంది. సందెవేళ విచ్చిన పువ్వు మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది కాబట్టి, పిల్లలు ప్రార్థనకు ముందే వచ్చి చూస్తున్నారు. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా నీటిపైకి లేస్తుంది. కలువాకు కాడ దాకా చీలి, నీటిమీదే పరుచుకుంటుంది. అంచున రంపపు పళ్లు, అడుగున వేలికి తగిలే మెత్తని నూగు. ఇది ఏ బొమ్మలోనూ తెలియదు.

మీ ఇంట్లోనూ ఒకటి పెట్టమని అడుగుతున్నాను. అర మీటరు వెడల్పు తొట్టి, రోజుకు ఐదారు గంటల ఎండ చాలు. అడుగున జానెడు బంకమన్ను వేయండి. పెంట, కొబ్బరిపొట్టు కలపవద్దు, నీరు పచ్చబడి కుళ్లుతుంది. దుంప మొలకను మట్టిపైకి ఉంచి, పైన పలుచగా ఇసుక చల్లి, ముందు నాలుగు వేళ్ల నీరే పోయండి. కాడలు సాగేకొద్దీ పెంచండి. పసిపిల్లలున్న ఇంట్లో తొట్టిపై గట్టి వల తప్పనిసరి.

దోమల కోసం రెండు మూడు చిన్న పరిగెలు వదలండి. గంబూసియా వద్దు. అది పరాయి చేప, చెరువులో పడితే మన చేపల గుడ్లనూ కప్పపిల్లలనూ తినేస్తుంది. ఊదాపూల గుర్రపుడెక్కను అందంగా ఉందని ఎవరూ ఇంటికి తేవద్దు.

తొట్టి అంచున పొన్నగంటి నాటితే కూరకూ పనికొస్తుంది. అయితే దీన్ని పోలిన విదేశీ కలుపు ఒకటి మన కాలువల్లో అల్లుకుంటోంది. పూత చూడండి: పొన్నగంటి తెల్లపూలు ఆకు మొదట్లోనే కాండానికి అంటుకుని ఉంటాయి, కలుపుకైతే పొడవాటి కాడ చివర గుత్తిగా ఉంటాయి.

కొల్లేటిలోనో, మిగిలిన చెరువులోనో మొక్క పీకవద్దు. అక్కడ ఉన్నవే కొద్ది. మా తొట్టిలో దుంపలు పిలకలు వేశాయి. వచ్చే శనివారం పిల్లల చేతికి మూత ఉన్న డబ్బా ఒకటి ఇచ్చి పంపండి, తడి మట్టితో సహా పెట్టి ఇస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు