కీమో రోగి జ్వరం, వరి పొలంలోని క్రిమి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. జిల్లా స్థాయి ప్రయోగశాలలో పనిచేస్తున్న మైక్రోబయాలజిస్టుగా ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి వానాకాలం, లింఫోమా అనే క్యాన్సర్‌కు కీమోథెరపీ పొందుతున్న ఒక రైతు రక్తం మా దగ్గరికి వచ్చింది. మూడో విడత కీమో అయిన పదో రోజున ఆయనకు జ్వరం పట్టుకుంది. అంతకుముందు మరో ఆసుపత్రి ‘సూడోమొనాస్ జాతి’ (ఇది వేరే బ్యాక్టీరియా గుంపు పేరు) అని ఒక్క ముక్క రాసి ఊరుకోగా, ఎక్స్‌రేలో మచ్చ చూసినవారు క్షయ మందులు మొదలుపెట్టారు. క్రిములను పెంచే మా ప్లేటు మీద మూడో రోజుకు వాటి గుంపులు (కాలనీలు) ఎండి ముడతలు పడ్డాయి. స్లైడు మీద క్రిములు రెండు కొసలా రంగు పట్టి, నడుమ ఖాళీగా, సేఫ్టీ పిన్నుల్లా కనిపించాయి. కొత్తగా చేరిన టెక్నీషియన్ మూత తీసి వాసన చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, ఎందుకంటే ఇది ఊపిరితో కూడా లోపలికి పోగలదు. అది బర్ఖోల్డేరియా సూడోమాలియై, జబ్బు మెలియాయిడోసిస్.

1911లోనే రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు గుర్తించిన ఈ క్రిమి తడి నేలలో, వరి పొలాల బురదలో బతుకుతుంది. మధుమేహం ఉన్నవారినే ఎక్కువగా పట్టుకున్నా, కీమోతో తెల్లరక్తకణాలు పడిపోయినవారినీ వదలదు. యాంటీబయాటిక్ మందుల్లో జెంటమైసిన్‌కు సాధారణంగా, కొలిస్టిన్‌కు ఎప్పుడూ లొంగదు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం పది, పద్నాలుగు రోజులు నరంలోకి ఎక్కించి, ఆపైన కనీసం మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మింగించాలి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. రిపోర్టులో పేరు తప్పితే మందూ తప్పుతుందన్నది అందుకే.

నేను కోట్ల రూపాయల యంత్రం అడగడం లేదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గిన రోగికి జ్వరం వస్తే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి కనుక, మొదట చేరే ఏరియా ఆసుపత్రిలోనే రక్తంలోని క్రిములను పెంచే కల్చర్ సీసాలు ఉంచి, మందు ఆలస్యం కాకుండా, దానికి ముందే రక్తం తీసేలా ఉత్తర్వు ఇప్పించండి. ప్రయోగశాల ప్రాథమిక పరీక్షల్లో ఆక్సిడేజ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని తేలిన క్రిమి జెంటమైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగక అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు మాత్రం లొంగితే, దాన్ని ‘సూడోమొనాస్ జాతి’ అని ముగించకుండా వైద్య కళాశాలకు పంపడం తప్పనిసరి చేయండి. ఈ అనుమానం రావడానికి ప్లేటు మీద పెట్టే చిన్న మందు డిస్కులు చాలు.

ఇంకొకటి. ఆ రైతు డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. బయటి తిండి తినొద్దని, జనంలోకి వెళ్లొద్దని రాశారు గానీ బురద మాట ఎక్కడా లేదు. నాట్లకు మనుషులు దొరక్క తానే ఉత్త కాళ్లతో పొలంలో దిగానని ఆయన చెప్పాడు. సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆగిన కీమో మళ్లీ మొదలవడానికి వారాలు పట్టింది. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఎక్కడికి వెళ్లాలో, పొలం పనికి ఎందుకు దిగకూడదో తెలుగులో రాసిన ఒక చీటీ ఈసారి వానాకాలం నాట్లు మొదలయ్యేలోగా ప్రతి కీమో వార్డులో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జిల్లా మైక్రోబయాలజిస్టు