ఒత్తు మసకగా ఉందని చెప్పిన పెద్దాయనకు

రాత్రి రెండు దాటింది. మూడు వారాల అవస్థ తరువాత నా బల్ల మీద మళ్లీ రెండు తెరలూ వెలుగుతున్నాయి. ఎడమ వైపు పాత పుస్తకం స్కాన్ పేజీ, కుడి వైపు నేను టైపు చేస్తున్న పేజీ. కళ్లు మండుతున్నాయి, కానీ ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

నేను ఇంట్లోనే డీటీపీ చేస్తాను. పాత తెలుగు పుస్తకాలను పునర్ముద్రణ కోసం మళ్లీ టైపు చేసి, పేజీలు కట్టి ఇస్తాను. పేజీకి ఇంత అని లెక్క. ఒకే తెర మీద ఈ పని చేస్తే, అటు స్కానుకూ ఇటు టైపుకూ మారిన ప్రతిసారీ కన్ను వరుస తప్పుతుంది. అరసున్నలు, బండి ఱలు ఉన్న పుస్తకమైతే ఇక చెప్పనక్కర్లేదు. రోజుకు ముప్పై పేజీలు చేసేదాన్ని, తెరలకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డులో ఒక పోర్టు (తీగ తగిలించే చోటు) పోయిన నాటి నుంచి చాలా రోజులు పన్నెండు దాటలేదు.

మదర్‌బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తూనే ఉంది. రెండో తెరను దానికి పెడితే నల్లగానే ఉండిపోయింది. నాది ఐ3 10100ఎఫ్ ప్రాసెసర్. చివర ఆ ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవనీ, కార్డు ఉన్నా లేకున్నా బోర్డు మీది పోర్టులు పనిచేయవనీ కంప్యూటర్ కొన్న రోజున నాకెవరూ చెప్పలేదు. మా ఇంటి దగ్గర దుకాణంలో అడిగితే 650 రూపాయలకు స్ప్లిట్టర్ అంటగట్టారు. అది ఒకే బొమ్మను రెండు తెరల మీదా చూపిస్తుంది, అంతే. వెనక్కి తీసుకోబోమన్నారు.

ఆ తరువాత ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలకు ‘జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ’ అని ఉన్న కార్డు కొన్నాను. కొత్త పెట్టె, మెరిసే ఫ్యాను. వారం రోజులు బాగానే నడిచింది. తొమ్మిదో రోజు నుంచి పెద్ద స్కాన్ ఫైలు తెరిస్తే చాలు, తెర బిగుసుకుపోవడం మొదలైంది. వాపసు గడువు ఏడు రోజులేనట. ఫిర్యాదు చేస్తే యంత్రం జవాబులు చెప్పింది, మర్నాడు ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని సందేశం పంపి ఫైలు మూసేశారు. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించాను, చూడాలి. అమ్మేటప్పుడు ఒక్క నొక్కుతో డబ్బు తీసుకునేవారికి, తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి మాట్లాడే మనిషే ఉండడు. నాలుగు వేలంటే నాకు ఎన్ని పేజీలో వాళ్లకు తెలియదు.

నిన్న కంప్యూటర్, ఒక మానిటర్ ఆటోలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. ప్రతి దుకాణంలోనూ ఒకటే ప్రశ్న: గేమింగా, ఎడిటింగా? టైపింగ్ అనగానే చూపు తిప్పుకున్నారు. ఒకాయన పద్దెనిమిది వేల కార్డు చూపించి, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె కూడా మార్చాలన్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి మెట్ల మీద కూలబడ్డాను.

అక్కడ పక్కనే మానిటర్లు బాగుచేసే చిన్న బల్ల ఉంది. టంకం వేస్తున్న ఒక పెద్దాయన తలెత్తి చూసి, ముందు మంచినీళ్ల సీసా అందించారు. తరువాతే విషయం అడిగారు. నా కార్డు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పారు. “బేటీ, దీనికి వీజీఏ, అదే పాత మానిటర్ల పోర్టు, ఉంది చూడు. 1050 టీఐ చిప్‌కు వీజీఏ ఇచ్చే గుణమే లేదు” అన్నారు. కంప్యూటర్‌లో పెట్టి, జీపీయూ-జడ్ అనే, కార్డులో ఏ చిప్ ఉందో చూపించే ఉచిత ప్రోగ్రాం తెరిచారు. కార్డు పేరు ముందు ‘ఫేక్’ అని వచ్చింది. 2010 నాటి జీటీఎస్ 450 చిప్‌కు కొత్త పేరు రాసి అమ్మారట. ఎందుకు కొన్నావని ఒక్క మాట అనలేదు.

ఎస్‌ఎంపీఎస్ మీది చీటీ చదివారు. మానిటర్ల వెనుక ఏ పోర్టులున్నాయో అడిగారు. రెండు తెరల మీద అక్షరాలు చూపించడానికి బరువైన కార్డు అక్కర్లేదనీ, పోర్టులెన్ని, కరెంటు ఎంత, కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాంల సంగతేమిటి, ఇవి చూస్తే చాలనీ చెప్పారు. జీటీ 710 అనే కార్డు తక్కువకే దొరుకుతుంది, 19 వాట్లే తీసుకుంటుంది, కానీ దానికి మామూలు డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి. జీటీ 1030 నా పనికి సరిపోతుంది, కొత్తది నా దగ్గరున్న డబ్బుకు రాదు. చివరికి ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన క్వాడ్రో పీ400 అనే కార్డు మాట చెప్పారు. 30 వాట్లు. వేరే పవర్ తీగ అక్కర్లేదు, బోర్డులో కార్డు గుచ్చే స్లాటు నుంచి వచ్చేదే చాలు. మూడు మినీ డిస్‌ప్లేపోర్టులు. తాను కార్డులు అమ్మరు కాబట్టి, పని పక్కన పెట్టి నాతో పాటు పై అంతస్తుకు వచ్చి, బేరమాడి 2,600కు ఇప్పించారు. అక్కడే పెట్టించి చూశాకే డబ్బు ఇవ్వనిచ్చారు.

కార్డును బిగించే రేకు పొట్టిది, నా క్యాబినెట్‌కు పొడుగుది కావాలి. పాత కార్డు రేకు ఒకటి వెతికి, రంధ్రాలు కలిసేదాకా ఆకురాయితో అరగదీశారు. అరగంట పట్టింది. రజను ఊదేసి, అంచు గరుకుగా ఉందేమోనని తన బొటనవేలితో తడిమి చూసి మరీ బిగించారు.

నా మానిటర్, ఆయన బల్ల మీది మానిటర్ కలిపి వెలిగించాక, నా పేజీ తెరవమన్నారు. కాసేపు దగ్గరగా చూసి, “నాకు తెలుగు చదవడం రాదు బేటీ. కానీ పెద్ద అక్షరం కింద చిన్న అక్షరం వస్తుంది కదా, అది నీ తెర మీద మసకగా ఉంది” అన్నారు.

నా మానిటర్ రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్క, తప్పుగా ఉంది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో! 1920×1080కి మార్చగానే ఒత్తులన్నీ విడివిడిగా తేలాయి. నాకు ఏడుపు ఆగలేదు. నా భాష చదవడం రాని మనిషి, నా ఒత్తు కనబడాలని అంత దగ్గరగా చూశారు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నా పాత మానిటర్ కోసం వీజీఏ కన్వర్టర్ కూడా సొరుగులోంచి తీసి ఇచ్చారు. పేరు రాయనా అంటే వద్దన్నారు, అందుకే రాయడం లేదు. అయ్యా, మీకు నా నమస్కారం.

మా వారు, అత్తయ్యగారు ఇన్నాళ్లూ ఇల్లు, పిల్లాణ్ణి చూసుకున్నారు. వాళ్లకూ ధన్యవాదాలు.

అన్నట్టు, గడువు నాలుగు రోజులు పెంచిన ప్రచురణకర్త గారికి కూడా. ఇంకా, మా పై వాటాలోని అమ్మాయి తన ల్యాప్‌టాప్ రెండు రాత్రులు ఇచ్చింది, ఆమెను మొదటే చెప్పాల్సింది. మానిటర్ గతుకుల్లో కదలకుండా తన తువ్వాలు చుట్టి ఇచ్చిన ఆటో అతనికి కూడా. ఆ తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది. తార్నాక వైపు నడిపే ఆటో అన్నారు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఉతికి ఉంచాను.