రెండో పరీక్ష దాకా: ఈ ఏడాది మన సంఘం పనులు (వార్షిక నివేదిక)

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఒక్కదానికే పోయింది. పుట్టిన బిడ్డకు మొదటి వినికిడి పరీక్షలో ‘రిఫర్’ (మళ్లీ పరీక్షించాలి) అని వచ్చాక, రెండో పరీక్షకు వెళ్లకుండా ఆగిపోతున్న కుటుంబాలను మళ్లీ ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గరికి చేర్చడం.

రిఫర్ అంటే చెవుడని కాదు. చెవిలో ఉమ్మనీరో, తెల్లటి పూతో మిగిలినా ఓఏఈ పరీక్షలో (చెవిలోకి చిన్న శబ్దం పంపి లోపలి చెవి స్పందనను కొలిచేది) అలా రావచ్చు. ఫోన్ చేసిన తల్లిదండ్రులకు మన వాలంటీర్లు ముందు ఇదే చెప్పారు. కానీ టెన్షన్ తగ్గగానే “చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడుగా, చూద్దాంలే” అంటారు, నెలలు గడిచిపోతాయి. తలుపు దబ్బున పడితే ఉలిక్కిపడిన బిడ్డకు మాటలన్నీ వినపడుతున్నట్టు కాదు, అసలు వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు, కేరింతలు కొడతారు. మా ఇంట్లో ఎవరికీ లేదన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే పుట్టుకతో వినికిడి లోపమున్న పిల్లల్లో 90 శాతానికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడుతున్నారు.

అందుకే గడువులను చిన్న కార్డు మీద అచ్చువేసి పంచాం: 1 నెలలోపు మొదటి పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు హియరింగ్ ఎయిడ్ గానీ మరో సాయం గానీ మొదలవ్వాలి. ఐసీయూలో 5 రోజులకు మించి ఉన్న పిల్లలకు ఓఏఈ ఒక్కటే చాలదు, ఏబీఆర్ (శబ్దానికి వినికిడి నాడి, మెదడు స్పందనను కొలిచే పరీక్ష) అడిగి చేయించండి. లోపం నాడిలో ఉంటే ఓఏఈకి దొరకదు. సీఎంవీ (గర్భంలోనే బిడ్డకు సోకి వినికిడిని దెబ్బతీయగల వైరస్) ఇన్ఫెక్షన్ అనుమానముంటే ఆ పరీక్ష పుట్టిన 21 రోజుల్లోపే జరగాలి, తర్వాత చేస్తే అది పుట్టుకతో వచ్చిందో కాదో తేల్చడం కష్టం.

తల్లుల సమావేశాల్లో ఎక్కువగా నడిచింది ఇయర్ మోల్డ్ (హియరింగ్ ఎయిడ్‌కు బిగించి చెవిలో పెట్టే, చెవి కొలతకు చేసిన అచ్చు) గోల. చంటిపిల్లల చెవి త్వరగా పెరుగుతుంది, మోల్డ్ వదులై కీచుమంటుంది, విసుగొచ్చి హియరింగ్ ఎయిడ్ తీసి పెట్టెలో పెట్టేస్తారు. కీచుమంటే తీసేయకండి, కొత్త మోల్డ్‌కు కొలత ఇప్పించండి. హియరింగ్ ఎయిడ్‌లో వేసే బటన్ సెల్స్ (చిన్న గుండ్రటి బ్యాటరీలు) మాత్రం పిల్లలకు అందకుండా దాచాలి, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

సైన్ (చేతి సైగల భాష) నేర్పాలా, మాటలా అని చాలామంది అడిగారు. సంఘం ఒకటే ఎంచుకోమని చెప్పదు, బిడ్డకు ఏదో ఒక భాష మొదటి నెలల నుంచే అందాలి.

జమాఖర్చులు విడిగా పంపాం. ఉద్యోగాలున్న తండ్రులు సమావేశాలకు రాలేకపోయారు, కాబట్టి వచ్చే ఏడాది అవన్నీ ఆదివారాల్లోనే. రెండో పరీక్షకు తోడు వెళ్లగల సభ్యులు దయచేసి పేరు ఇవ్వండి.