"కొంచెం తింటే ఏం కాదులే" అనకండి

సంపాదకులకు,

మా అబ్బాయికి వేరుశెనగ పడదు, అలర్జీ. పడదంటే అరగదనో, మారాం చేస్తున్నాడనో అనుకుని "కొంచెం తింటే ఏం కాదులే" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే ఈ ఉత్తరం. ఒకసారి వేరుశెనగ పొడిలో పెట్టిన చెంచానే గుడ్డతో తుడిచి వాడి గిన్నెలో వేశారు, అంతే, పది నిమిషాల్లో పెదవులు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బొంగురుపోయి, ఊపిరాడక నా చెయ్యి పట్టుకుని వాడు చూసిన చూపు నేను మర్చిపోలేను.

తుడిస్తే సరిపోదండి, సబ్బుతో కడగాలి. చేతులైనా అంతే, శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ చేతికంటిన, అలర్జీ తెచ్చే వేరుశెనగ ప్రోటీన్‌ని తీసేయదు. ప్యాకెట్ మీద ఏమేం కలిపారో కొన్న ప్రతిసారీ చదువుతాను, ఎప్పుడూ తినే బిస్కెట్లే అయినా సరే, తయారీ మారిపోవచ్చు కదా.

ఊపిరి అందనప్పుడు అలర్జీ మాత్ర వేసి చూద్దాంలే అని కూర్చోవద్దు, అది దురదకి పనికొస్తుంది, ప్రాణం నిలబెట్టదు. డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే తొడ బయటి వైపు ఇచ్చి అంబులెన్స్ పిలవాలి, లేపి నడిపించకూడదు. తగ్గినట్టే ఉండి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వాడికి ఏదైనా పెట్టే ముందు దయచేసి మమ్మల్ని ఒక్క మాట అడగండి.

– ఒక తల్లి