చెవికి దక్కిన ప్రాచెట్ కంటికి దక్కలేదు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటిష్ హాస్య ఫాంటసీ రచయిత టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్' నవలలు మరో మాధ్యమంలో ఇమడవని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం తేల్చేసింది. తెర మీద ఆయనకు జరిగిన నష్టం గురించి రాసినదాంతో నాకు పేచీ లేదు. అయితే వ్యాసకర్త లెక్కలో మాధ్యమమంటే సినిమా, టీవీ మాత్రమే. రేడియోకు, రంగస్థలానికి, ఆడియో పుస్తకానికి కలిపి ఒక్క వాక్యం కూడా దక్కలేదు. ఈ రచయిత విషయంలో చెప్పుకోదగ్గ పని జరిగిందే అక్కడ.

అంతరిక్షంలో ఈదే తాబేలు, దాని వీపు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలాంటి బల్లపరుపు లోకం. ఆదికూర్మాన్నీ దిగ్గజాలనూ ఎరిగిన పాఠకులకు ఇది చప్పున అందే బొమ్మే. 1983లో మొదలై, 2015లో రచయిత మరణానంతరం వెలువడిన చివరి నవలతో కలిపి 41 పుస్తకాలు. డబ్బుంటే తాబేలును ఎవరైనా చూపించగలరు. చిక్కంతా కథ చెప్పే గొంతుతోనే.

ఆ నవలల్లో ఒకటైన 'మెన్ ఎట్ ఆర్మ్స్' (1993) చూడండి. నగర కాపలాదళం నాయకుడు శామ్ వైమ్స్ తన బూట్ల గురించి ఆలోచిస్తాడు. జీతం నెలకు 38 డాలర్లు. మంచి తోలు బూట్ల ధర 50. అందుకని 10 డాలర్ల నాసిరకం కొంటాడు. ఒకటి రెండు సీజన్లు తిరిగేసరికి లోపలి అట్ట తెగి నీళ్లు దూరతాయి. ఖరీదైన జత కొన్నవాడి పాదాలు పదేళ్ల తర్వాత కూడా పొడిగానే ఉంటాయి. పేదవాడు ఆ పదేళ్లలో 100 డాలర్లు ధారపోసి, ఇంకా తడి కాళ్లతోనే తిరుగుతుంటాడు. 2022లో బ్రిటన్‌లో ధరల పెరుగుదల పేదలను ఎంత దెబ్బతీస్తోందో కొలిచే సూచీ ఒకటి తలపెట్టినప్పుడు దానికి వైమ్స్ బూట్ల పేరే పెట్టారు. రచయిత వారసులూ అందుకు సమ్మతించారు. ఒక ఫాంటసీ నవలలోని పేరా అంత దూరం నడిచిందన్నమాట! మరి దాన్ని తెర మీద ఎలా తీస్తారు? కెమెరా బూట్లను చూపగలదు, చిరుగును చూపగలదు. లెక్క చెప్పడం దాని వల్ల కాదు. పుస్తకాన్ని పైకి చదివే మనిషికి ఆ ఇబ్బందే లేదు.

అధోజ్ఞాపికల (ఫుట్‌నోట్ల) సంగతీ అంతే. ప్రాచెట్ హాస్యంలో పెద్ద వాటా పేజీ అడుగున ఉంటుంది. 2022 నుంచి వచ్చిన కొత్త ఆడియో పుస్తకాల్లో ఆ భాగాలను నటుడు బిల్ నై చేత చదివించారు. కథ చదివే గొంతు ఆగుతుంది, పక్క నుంచి మరో గొంతు తాపీగా ఒక చురక వేసి తప్పుకుంటుంది. అచ్చులో కన్ను కిందికి దిగి పైకి వచ్చే పనిని చెవి కోసం ఇంత తెలివిగా మలిచిన సందర్భం నాకు మరొకటి తెలియదు. మృత్యువు అనే పాత్ర ఇంగ్లీషు అచ్చులో అన్నీ పెద్దక్షరాల్లో, కొటేషన్ గుర్తులు లేకుండా మాట్లాడుతుంది. దానికి ప్రత్యేకంగా పీటర్ సెరఫినోవిచ్ గొంతు ఇచ్చారు. 2006 నాటి టీవీ 'హాగ్‌ఫాదర్' నాకు నచ్చింది. నచ్చడానికి సగం కారణం అందులో మృత్యువుకు ఇయన్ రిచర్డ్‌సన్ ఇచ్చిన గొంతే.

ఇక వైమ్స్ కాపలాదళం నవలల ఆధారంగా 2021లో బీబీసీ అమెరికాలో వచ్చిన టీవీ సిరీస్ 'ది వాచ్'. నవలల్లో వైమ్స్‌ను పెళ్లాడే సిబిల్ రామ్‌కిన్ నడివయసు దాటుతున్న భారీ మనిషి, నగరంలోకెల్లా సంపన్నురాలు. చిత్తడి డ్రాగన్లను పెంచుతూ, వాటి మంటలకు జుట్టు కాలిపోగా విగ్గు పెట్టుకుంటుంది. సిరీస్‌లో ఆమె నేరగాళ్లను తానే వేటాడే నాజూకు యువతి అయింది. ఆ విగ్గు పోయిన చోటే ప్రాచెట్ కూడా పోయారు. తండ్రి రచనలతో దానికి పోలిక లేదని ఆయన కుమార్తె రియానా బహిరంగంగానే చెప్పారు. ఎనిమిది భాగాలతో అది ఆగిపోయింది.

నాటకాలకు ఇంత ఖర్చు లేదు. స్టీఫెన్ బ్రిగ్స్ 1991లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో ఒక ఔత్సాహిక బృందంతో డిస్క్‌వరల్డ్ నవల 'విర్డ్ సిస్టర్స్'ను రంగస్థలం మీదికి తెచ్చారు. తర్వాత ఆయన నాటకీకరణలు వరుసగా అచ్చయ్యాయి, ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు వాటిని ఆడారు. నల్ల అంగీ వేసుకుని ఒకరు నడిచివస్తే చాలు, మృత్యువు వచ్చిందని ప్రేక్షకులు ఒప్పుకుంటారు. మిగతాది సంభాషణ చూసుకుంటుంది.

ప్రాచెట్ నుంచి కొత్త నవల ఇక రాదు. అసంపూర్తి రచనలున్న హార్డ్ డ్రైవ్‌ను ఆయన కోరిక మేరకు 2017లో డోర్సెట్‌లో ఆవిరి రోడ్డు రోలరు కింద తొక్కించారు. కొత్త పాఠకులు ఇకపై ఏదో ఒక అనుసరణ ద్వారానే ఆయన దగ్గరికి చేరే అవకాశం ఎక్కువ. ఏ దారిన వెళ్లాలో చెప్పాల్సిన పని పత్రికలది.

కాబట్టి సిరీస్ సమీక్షకు ఇచ్చే స్థలంలో సగమైనా ఆడియో పుస్తకాలకు, నాటకాలకు కేటాయించండి. చదివినవారి పేరు, నిడివి, పూర్తి పాఠమా సంక్షిప్తమా అన్న వివరం సమీక్షలో తప్పనిసరిగా ఉండాలి. నటుడు టోనీ రాబిన్‌సన్ చదివిన పాత రికార్డింగులు వినడానికి హాయిగా ఉంటాయి, కానీ అవి సంక్షిప్తాలు. ఆ సంగతి తెలియకుండా కొన్నవారికి కత్తిరించిన ప్రాచెట్ చేతికొస్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు