పాత వ్యాన్ల శిబిరం: జమా ఖర్చుల వివరణ

మూడు రాత్రుల శిబిరం ముగిసింది. గడ్డి మీద టైర్లు చేసిన గుంటలు పూడ్చాం, పెట్టెలు విప్పి లెక్కపెట్టాం. తేలిన జమా ఖర్చులను సభ్యుల ముందు ఉంచుతున్నాం. డబ్బు ఇచ్చినవారికి అది ఎటు పోయిందో తెలుసుకునే హక్కు ఉంది. ఇచ్చి కూడా ఇవ్వలేదని బుకాయించినవారికీ ఆ హక్కు ఉంది. ఈ రెండో రకం వాళ్ల వల్లే ఈ వివరణ ఇంత పొడవైంది.

ముందుగా కొలమానం సంగతి. వచ్చినవారు మూడు దేశాలవారు, కట్టిన డబ్బు మూడు రకాలు. ఏ ఒక్క దాంట్లో చెప్పినా మిగతావారు మారకపు రేటు దగ్గర ఆగిపోతారు. అందుకని ఒక బండికి కట్టించుకున్న ప్రవేశ రుసుమును ఒక ‘వంతు’ అనుకుని లెక్కంతా వంతుల్లోనే చెబుతున్నాం. అసలు అంకెలున్న చిట్టా, రసీదులు, వోచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ సభ్యుడైనా అడిగి చూడవచ్చు.

జమ

పోయిన ఏటి నిల్వ: 4 వంతులు
బండ్ల ప్రవేశ రుసుము: 37
బండి లేకుండా గుడారాలతో వచ్చిన 12 మంది, తలా అర వంతు: 6
పాత సామాన్ల వేలం: 11
ఇంజను సాయం పెట్టె: 19
మొత్తం: 77 వంతులు

రుసుము కట్టిన బండ్లు 37 అయితే మైదానంలో 36 మాత్రమే కనిపించాయని కొందరు అప్పుడే అడిగారు. వాళ్ల లెక్క తప్పు కాదు. డబ్బు కట్టిన రెండు బండ్లు ఇల్లు దాటలేదు. ఒకదానికి గేర్‌బాక్సు, ఇంకొకదానికి యజమాని నడుము సహకరించలేదు. నిబంధన ప్రకారం డబ్బు తిరిగి పంపబోతే ఇద్దరూ వద్దన్నారు. 36వ బండి లారీ మీద వచ్చింది, దానికి కమిటీ రుసుము మాఫీ చేసింది. ఆ మాఫీ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

బండి పొడవును బట్టి రుసుము పెడితే న్యాయంగా ఉంటుందని ఒక సూచన వచ్చింది. టేపు పట్టి చూశాం. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే తొలి తరం ఫోక్స్‌వాగన్ టైప్ 2 (1950 నుంచి 1967 వరకు జర్మనీలో తయారైంది), ముడతల రేకు ఒంటి సిట్రోయెన్ హెచ్ (1947 నుంచి 1981 వరకు), రెండూ దాదాపు 4.3 మీటర్లే. 1967 తర్వాత ఒకే వంపు అద్దంతో వచ్చిన టైప్ 2 కొంచెం పొడవు, అంతే. బెడ్‌ఫోర్డ్ సిఎ కూడా ఈ జనంలో కలిసిపోయేదే. కాబట్టి అందరికీ ఒకే రుసుము కొనసాగుతుంది.

వేలం పద్దు చూసి, లెక్కలు తనిఖీ చేసిన సభ్యుడు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. అమ్మకానికి పెట్టిన వస్తువులు 9, అమ్మకాలు 11. వివరణ ఇదీ: ఒక చక్రం మూత ఉంది. అంచు సొట్టబడింది, మెరుగు చాలావరకు పోయింది. దాన్ని పాడుకున్న మొదటి ఆయన డబ్బు కట్టేసి, మూత చేతిలోకి కూడా తీసుకోకుండా మళ్లీ పాట పెట్టమన్నారు. రెండో ఆయనా అదే పని చేశారు. మూడోసారి పాడుకున్న ఆవిడ మాత్రం నాలుగో పాట పెట్టనివ్వలేదు. ఆవిడ బండికి సరిగ్గా ఆ మూతే లేదట. ఆ ఒక్క వస్తువు మీద వచ్చింది 4 వంతులు. మూడు రసీదులూ ఉన్నాయి, వస్తువు మాత్రం ఒకటే.

ఇక ఇంజను సాయం పెట్టె. శిబిరానికి ముందు అనుకున్న పద్దుల్లో ఇది లేదు. మొదటిరోజు సాయంత్రం ఒక 1969 నాటి బండి లారీ మీద వచ్చింది. దారిలో టకటకమని చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. విప్పి చూస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు (కాలిన వాయువును బయటికి వదిలే కవాటం) తల తెగి పిస్టన్ మీద పడింది. గాలితో చల్లబడే ఆ కాలపు ఫోక్స్‌వాగన్ ఇంజన్లలో ఆయిల్ కూలర్ మూడో సిలిండర్‌కు పోయే గాలికి అడ్డంగా నిలబడి ఉంటుంది. అందుకే నాలుగింట్లో అది ఎక్కువ వేడెక్కుతుంది. వాల్వు సందులు (వాల్వుకూ దాన్ని నెట్టే మీటకూ మధ్య ఉండే ఖాళీ) వేళకు సరిచూస్తూ ఉంటే అలాగే ఏళ్ల తరబడి నడుస్తుంది. చూసి రెండేళ్లయిందని యజమాని తనంత తానే ఒప్పుకున్నారు. ఎవరూ ఇంకో మాట అనలేదు. అనదగినవారు ఆ మైదానంలో ఎక్కువమంది లేరు కూడా.

రెండోరోజు పొద్దున ఇంజను దించారు. జాకు దగ్గర ఒకరు, బండి కింద ఇద్దరు, సలహాలకు పధ్నాలుగు మంది. ఒకాయన తన బండి సీటు కింది అరలోంచి సిలిండర్ హెడ్ తీసుకొచ్చారు. అది గాలి, పెట్రోలు లోపలికి పోవడానికి రెండు దారులున్న రకం, 1971 నుంచి వచ్చింది. వాటిని తెచ్చే ఈ ఇంజను గొట్టానికి, అంటే మానిఫోల్డుకు, అతకదు. మధ్యాహ్నానికి ఇంకొకరి దగ్గర ఒకే దారి ఉన్న పాత రకం దొరికింది. వెల చెప్పమంటే చెప్పలేదు. రెండోసారి అడిగితే హెడ్ తిరిగి తీసుకుపోతానని బెదిరించారు. పిస్టన్లు, సిలిండర్ల జత ఇంకొక సభ్యుడిది. ఆయన కనీసం బిల్లు చూపించారు, అందుకు కృతజ్ఞతలు. ఎన్నో ఏళ్ల కింద కొన్నప్పటి బిల్లు అది. ఇప్పటి ధర ఇస్తామంటే, తాను పెట్టింది ఇంతే కదా అని ఆ పాత మొత్తమే పుచ్చుకున్నారు. చీకటి పడ్డాక దీపం పట్టుకున్నది సిట్రోయెన్ ఆసామి. ఆయన బండి ఇంజను ముందుంటుంది, నీటితో చల్లబడుతుంది. ఈ ఇంజను గురించి తనకేమీ తెలియదని ముందే చెప్పి, నాలుగు గంటలు దీపం కదలనివ్వలేదు. రాత్రి ఇంజను నడిచింది. వాల్వు సందు చల్లారిన ఇంజను మీదే చూడాలి కనుక, మర్నాడు తెల్లవారాక మళ్లీ విప్పి 0.15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసి మూతలు బిగించారు.

ఈ పని కోసం పెట్టిన పెట్టె పక్కన ఒక పుస్తకం ఉంచి, పేరు, మొత్తం రాయమని కోరాం. పుస్తకం ప్రకారం రావలసింది 12 వంతులు. పెట్టెలో ఉన్నది 19. డబ్బు తగ్గితే ఎవరిని అడగాలో కోశాధికారికి తెలుసు, ఎక్కువైతే ఎవరిని అడగాలి? మూడుసార్లు లెక్కపెట్టాం, ముగ్గురం విడివిడిగా లెక్కపెట్టాం. 19 వంతులే.

ఆ 7 వంతుల్లో ఒక్కదాని జాడ మాత్రం దొరికింది. అది గరుకు కాగితం ముక్కలో మడిచి ఉంది. ఆ రోజు గాస్కెట్ అతుక్కున్న చోటు గీకడానికి ఆ రకం కాగితం వాడినవారు ఇద్దరే. అడిగితే బండి యజమాని తల ఊపారు. తన కోసం పెట్టిన పెట్టెలో తన ప్రవేశ రుసుము తానే వేశారు. ‘మాఫీ చేసింది మీరు, నేను ఒప్పుకోలేదు కదా’ అన్నారు. దీన్ని ప్రవేశ రుసుము కింద రాసి 38 చేయాలా, సాయం కిందే ఉంచాలా అని కమిటీలో గంటసేపు చర్చ జరిగింది. దొరికిన చోటే లెక్కగట్టాలని తనిఖీ చేసిన సభ్యుడు తేల్చారు. అలాగే ఉంచాం.

ఖర్చు

మైదానం అద్దె 20 వంతులు, మరుగుదొడ్లు, నీటి ట్యాంకు 12, బీమా 5. వీటి మీద చెప్పేదేమీ లేదు, వోచర్లు ఉన్నాయి. చెత్త తరలింపు 2, ప్రథమ చికిత్స సామగ్రి 1, గుంటలు పూడ్చడానికి మట్టి, గడ్డి విత్తనం 1.

మంటలార్పే పొడి సిలిండర్లకు 3 వంతులు పెట్టాం. నీళ్ల బకెట్లు చాలవా అని అడిగినవారికి: వెనక ఇంజను ఉండే ఈ బండ్లలో పెట్రోలు గొట్టం చిట్లితే కారేది వేడి ఇంజను మీదికే. ఆ ఇంజను బయటి గుల్ల మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేసింది. అది అంటుకున్నాక నీళ్లు పోస్తే మంట ఇంకా రేగుతుంది. ఇదే కారణంతో కొత్త పెట్రోలు గొట్టం చుట్టగా కొని, అడిగిన ప్రతి బండికీ కోసి ఇచ్చాం, 2 వంతులు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తొందరగా పగుళ్లిస్తుంది. ఈ శిబిరంలో పెట్టిన ఖర్చులన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. రెండు బండ్లలో పాత గొట్టం చేత్తో వంచితే పలపలా విరిగింది.

జనరేటరు, దీపాల అద్దె 4 వంతులు. ఇది దండగ. కమిటీ పొరపాటని ఒప్పుకుంటున్నాం. మొదటి రాత్రి తర్వాత దాని రొద భరించలేక ఎవరో ఆపేశారు, మళ్లీ వేయమని ఎవరూ అడగలేదు. ఇక్కడికి 50 వంతులు.

ఇంజను సాయం పెట్టె నుంచి: లారీ బాడుగ 4, పిస్టన్లు, సిలిండర్లు 6, గాస్కెట్లు, సీళ్లు 2, ఎలాగూ ఇంజను దించారు కనుక మార్చిన క్లచ్ ప్లేటు 1, ఆయిల్ 1. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే. లోపల లోహపు ముక్కలు మిగిలి ఉంటాయన్న భయంతో ఒకసారి నింపి, నడిపి, వంపేసి, జల్లెడ కడిగి మళ్లీ నింపారు. మొత్తం 14 వంతులు.

అంతా కలిపి ఖర్చు 64. నిల్వ 13 వంతులు. ఇందులో శిబిరం ఖాతాది 8, ఇంజను పెట్టెది 5.

ఆ 5 వంతులు బండి యజమానికే ఇవ్వాలని తీర్మానించి పంపాం. తిరిగొచ్చాయి. హెడ్ ఇచ్చిన సభ్యుడికి పంపాం. ఆయన బెదిరింపు సంగతి పైన రాశాం. ఇప్పుడు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, వచ్చే శిబిరానికి దారిలో ఆగిపోయిన బండికి లారీ బాడుగగా ఉంచడం. రెండోది, ఫ్యాన్ బెల్టులు, క్లచ్ కేబుళ్లు, యాక్సిలరేటర్ కేబుళ్లు, కాంటాక్ట్ పాయింట్లు కొని ఒక పెట్టెలో పెట్టి, కావలసినవారికి ఇవ్వడం. నా ఓటు రెండోదానికి. బెల్టు తెగితే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను ఆగితే ఆ ఇంజనుకు చల్లదనం లేదు. సమయానికి ఒక బెల్టు దొరికితే లారీ పిలవవలసిన పనే పడదు. తీసుకున్నవారు బదులుగా ఇంకొకటి కొని పెట్టెలో పెట్టాలని నియమం రాయవచ్చు. కాకపోతే ఈ సభ్యుల సంగతి చూస్తే ఒకటి తీసుకుని మూడు పెడతారు, నేను మళ్లీ ఎర్రసిరా సున్నాలకు సమాధానం చెప్పుకోవాలి.

అభ్యంతరాలు, సవరణలు ఉంటే రాతపూర్వకంగా పంపండి.

మైదానం శుభ్రం చేసినప్పుడు 13 మిల్లీమీటర్ల స్పానర్లు మూడు దొరికాయి. అడిగిన ప్రతివారూ తమవి కావంటున్నారు. వాటిలో ఒకటి నాది. మిగతా రెండూ ఎవరివో వచ్చి తీసుకుపోండి.